జంట సైకిలు: ఇద్దరికి ఒకే చూపు

అనంతపురం మెరకసీమలో సైకిలు తెలియని పల్లె లేదు. వేరుసెనగ చేలకు పోయే రైతు, బడికి పోయే పిల్లవాడు, పాలకేనులు తగిలించుకొని పట్నానికి వచ్చే మనిషి, అందరికీ అది పాత నేస్తమే. ఒక సైకిలు మీద ఇద్దరు పోవడం కూడా ఇక్కడ కొత్త కాదు. దానిని ‘డబుల్స్’ అంటారు. ముందున్నవాడు తొక్కుతాడు, వెనక క్యారియరు మీద ఉన్నవాడు ఊరకే కూర్చుంటాడు. మిట్ట వచ్చినా, ఎదురుగాలి కొట్టినా వెనకవాడు దిగి నడవక తప్పదు. డబుల్స్‌లో వెనకవాడు కేవలం బరువు.

ఆ వెనకవాడికి కూడా ఒక జత పెడళ్లు అమర్చితే? అప్పుడతడు బరువు మాత్రమే కాడు, శక్తినిచ్చే భాగస్వామి అవుతాడు. ఇట్లా ఇద్దరూ ఒకరి వెనక ఒకరు కూర్చొని తొక్కే బండినే జంట సైకిలు, లేక ‘టాండెం’ అంటారు. చూపులేనివారు అంతర్జాతీయ సైకిలు పోటీలలో పాల్గొనేది ఈ బండి మీదనే. వెనక సీటులో చూపులేని క్రీడాకారుడు, ముందు సీటులో చూపున్న మరొకడు. ఆ ముందు మనిషిని ‘పైలట్’ అంటారు. పైలట్ దయతో దారి చూపే తోడు మాత్రమేనా? లేక యంత్రంలో సగమా? ఈ ప్రశ్నకు జవాబు భౌతికశాస్త్రంలోనూ, శరీరధర్మ శాస్త్రంలోనూ దొరుకుతుంది.

పేరూ నిర్మాణమూ

‘టాండెం’ అనేది లాటిన్ మాట. దాని అర్థం ‘చిట్టచివరకు’, ‘ఎట్టకేలకు’ అని. పొడుగుగా, ఒకదాని వెనక ఒకటిగా గుర్రాలను కట్టిన బండికి ఇంగ్లండులో ఎవరో వేళాకోళంగా ఆ పేరు పెట్టారు. అదే తరువాత సైకిలుకు వచ్చింది. మన కాడికి ఎద్దులను పక్కపక్కన కడతాము. టాండెంలో ఒకదాని వెనక ఒకటి. ఈ చిన్న తేడాలోనే గాలికి సంబంధించిన పెద్ద లాభం ఉన్నది.

వెనకవాడిని ‘స్టోకర్’ అంటారు. ఆవిరి ఇంజనులో బొగ్గు వేసి నిప్పును రగిలించేవాడి పేరది. గుంతకల్లు మీదుగా ఆవిరి ఇంజనులు నడిచిన రోజులలో అదే పని చేసినవారిని మనవాళ్లు ఫైర్‌మన్ అనేవారు. ఇంజనును నడిపేది డ్రైవరే అయినా ఫైర్‌మన్ లేకపోతే ఆవిరి లేదు. జంట సైకిలులో కూడా అంతే. స్టోకర్ చేతిలో తిరిగే హ్యాండిలు ఉండదు. పట్టుకొనడానికి బిగించిన కొమ్ములు మాత్రమే ఉంటాయి. అతని పని కాళ్లతో. మలుపు తిప్పడం, గేరు మార్చడం, బ్రేకు వేయడం సాధారణంగా పైలట్ పని.

ఇద్దరి పెడళ్లనూ ఒక చైను కలుపుతుంది. ఇది సాధారణంగా సైకిలుకు ఎడమవైపున ఉంటుంది. కుడివైపున ఉన్న రెండవ చైను వెనక చక్రాన్ని తిప్పుతుంది. ఎడమవైపు చైను చుట్టుకొనే రెండు పళ్లచక్రాలకూ పళ్ల సంఖ్య ఒకటే. కాబట్టి ముందువాని పెడలు ఒక చుట్టు తిరిగితే వెనకవానిదీ ఒక చుట్టు తిరిగి తీరాలి. ఒకడు నిమిషానికి 90 చుట్లు, మరొకడు 80 చుట్లు తొక్కడం సాధ్యం కాదు. ఒకడు తొక్కడం ఆపితే రెండవవాడి కాళ్లు కూడా ఆగుతాయి. నడక కలవని ఎద్దులను ఒకే కాడికి కడితే మెడలు పుండ్లు పడ్డట్టే, లయ కలవని ఇద్దరు జంట సైకిలు ఎక్కితే మోకాళ్లు నొప్పి పెడతాయి.

ఇద్దరు కలిస్తే ఎంత లాభం?

ఇద్దరు తొక్కితే శక్తి రెట్టింపు అవుతుంది. మరి వేగం కూడా రెట్టింపు అవుతుందా? కాదు. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

సమతలమైన రోడ్డు మీద సైకిలును ఆపేవి ముఖ్యంగా రెండు. ఒకటి గాలి నిరోధం; రెండవది టైరు నేలమీద దొర్లేటప్పుడు కలిగే నిరోధం. గాలి నిరోధం వేగం యొక్క వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. ఆ నిరోధాన్ని గెలవడానికి ప్రతి సెకనులో ఖర్చయ్యే శక్తి, అనగా సామర్థ్యం, వేగం యొక్క ఘనానికి అనుపాతంలో పెరుగుతుంది. వేగం రెట్టింపు కావాలంటే గాలి కోసమే ఎనిమిది రెట్లు సామర్థ్యం కావాలి.

ఒక ఉదాహరణ తీసుకొందాం. ఒంటి సైకిలు, దాని మీద మనిషి కలిసి 85 కిలోగ్రాములు అనుకొందాం. జంట సైకిలు, ఇద్దరు మనుషులు కలిసి 165 కిలోగ్రాములు. ఆకారాన్నీ ఎదుటి వైశాల్యాన్నీ కలిపి కట్టే గాలి నిరోధపు ప్రమాణం ఒంటి సైకిలుకు 0.35 చదరపు మీటరు, జంటకు 0.48 చదరపు మీటరు అనుకొందాం. వెనకవాడు ముందువాని చాటున ఉంటాడు కనుక ఇది రెట్టింపు కాదు. అనంతపురం సముద్రమట్టానికి ఇంచుమించు 350 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడి వేడి గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.1 కిలోగ్రాము అని తీసుకొనవచ్చును. దొర్లుడు నిరోధం బరువులో 0.005 వంతు.

గంటకు 40 కిలోమీటర్ల వేగంతో, అనగా సెకనుకు 11.1 మీటర్ల వేగంతో పోతే, ఒంటి సైకిలుకు గాలి నిరోధం సుమారు 24 న్యూటన్లు, దొర్లుడు నిరోధం సుమారు 4 న్యూటన్లు. మొత్తం 28 న్యూటన్లు. దీనిని వేగంతో గుణిస్తే సుమారు 311 వాట్లు. జంట సైకిలుకు గాలి నిరోధం సుమారు 32.6, దొర్లుడు నిరోధం సుమారు 8.1, మొత్తం 40.7 న్యూటన్లు, కావలసినది 452 వాట్లు. ఇద్దరూ పంచుకొంటే ఒక్కొక్కరికి 226 వాట్లే. ఒంటిగా 311 వాట్లు పెట్టవలసిన చోట జంటగా 226 చాలు.

ఇద్దరూ చెరి 311 వాట్లు పెడితే వేగం గంటకు సుమారు 45 కిలోమీటర్లకు చేరుతుంది. రెట్టింపు శక్తికి వచ్చిన లాభం అయిదు కిలోమీటర్లు! ఇది తక్కువగా కనబడవచ్చు. కాని సైకిలు పోటీలలో సెకనులో వందవ వంతులతో గెలుపోటములు తేలుతాయి. ఆ లెక్కన ఇది చాలా పెద్ద లాభం.

ఎదురుగాలీ మిట్టా

ఈ మెరకసీమకు సాలుకు సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమలు నైరుతి ఋతుపవనాల తడినంతా ముందే పిండివేస్తాయి. ఇటువైపుకు వచ్చేది చాలావరకు పొడిగాలి. ఆషాఢ మాసంలో మేఘాలు కురవకుండానే తరలిపోతాయి, గాలి మాత్రం విడవకుండా వీస్తుంది. రామగిరి కొండల మీద, కళ్యాణదుర్గం, వజ్రకరూరు ప్రాంతాలలో గాలిమరలు నిలబెట్టినది ఈ గాలిని చూచియే. వానకు చేటైన ఈ గాలి, సైకిలు తొక్కేవానికి మంచి ఉపాధ్యాయుడు.

ఒంటి సైకిలు గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకొందాం. గాలి లేని ఉదయం అందుకు సుమారు 146 వాట్లు చాలు. సెకనుకు అయిదు మీటర్ల ఎదురుగాలి వచ్చిందంటే అదే వేగానికి సుమారు 320 వాట్లు కావాలి. రెట్టింపు దాటింది. అదే గాలిలో జంట సైకిలు మీద ఒక్కొక్కరి వంతు సుమారు 229 వాట్లు. ఎదురుగాలి ఎంత బలంగా ఉంటే జంటకు అంత మేలు.

మిట్టలో పరిస్థితి వేరు. నూరు మీటర్లకు ఆరు మీటర్లు ఎక్కే దారిలో వేగం తక్కువ కనుక గాలి నిరోధం స్వల్పం. అక్కడ పోరాటం భూమ్యాకర్షణతో. సెకనుకు నాలుగు మీటర్ల వేగంతో ఎక్కితే ఒంటివానికి సుమారు 229 వాట్లు కావాలి. జంటలో ఒక్కొక్కరికి 219. లాభం ఇంచుమించు లేనట్టే. పైగా ఇద్దరి లయా ఏమాత్రం తప్పినా ఆ కొంచెమూ పోతుంది. అందుకే పోటీలో మిట్టలు వచ్చినచోట జంటల నిజమైన పొందిక బయటపడుతుంది.

దిగేటప్పుడు మరొక ప్రమాదం. 165 కిలోగ్రాముల బరువు నూరు మీటర్ల ఎత్తు నుంచి దిగితే విడుదలయ్యే స్థితిజశక్తి సుమారు 1,62,000 జౌళ్లు. వేగం పెరగనీయకుండా బ్రేకులతోనే దిగితే ఇందులో ఎక్కువ భాగం వేడిగా మారుతుంది. 30 డిగ్రీల వేడిలో ఉన్న అర లీటరు నీటిని మరిగించడానికి కావలసినది 1,47,000 జౌళ్లు. ఈ పోలికతో బ్రేకుల మీద పడే భారాన్ని ఊహించవచ్చును. ఎక్కడ బ్రేకు వేయాలి, ఎక్కడ వదలాలి అని నిర్ణయించేది ఒక్క పైలటే. ఆ నిర్ణయం తప్పితే దెబ్బ తగిలేది ఇద్దరికి.

మలుపులో చెవి ఏమంటుంది?

ఒక చిన్న ప్రయోగం. తరగతిలో ఒక విద్యార్థిని ఒంటికాలి మీద నిలబడమనాలి. కళ్లు తెరచి ఉన్నప్పుడు చాలాసేపు నిలబడగలడు. కళ్లు మూసుకొంటే కొన్ని సెకన్లలోనే తూలుతాడు. దెబ్బ తగలకుండా పక్కన మరొకరు ఉండాలి. సమతూకానికి మన శరీరం మూడు సాక్ష్యాలను వాడుకొంటుంది: కన్ను, లోపలి చెవి, కండరాలలోనూ కీళ్లలోనూ ఉండే స్పర్శ. చూపులేనివానికి మొదటి సాక్ష్యం ఉండదు. మిగిలిన రెండింటినీ అతడు సాధనతో పదును పెట్టుకొంటాడు.

కాని మలుపులో ఆ రెండు సాక్ష్యాలు కూడా మోసం చేయవచ్చు. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో, 25 మీటర్ల వ్యాసార్ధం గల మలుపు తిరగాలంటే సైకిలు నిలువు నుంచి సుమారు 22 డిగ్రీలు ఒరగాలి. వేగపు వర్గాన్ని వ్యాసార్ధంతోనూ గురుత్వ త్వరణంతోనూ భాగిస్తే ఆ కోణం యొక్క టాంజెంటు వస్తుంది. సైకిలు సరిగ్గా అంతే ఒరిగినప్పుడు గురుత్వ బలమూ అపకేంద్ర ప్రభావమూ కలిసి సైకిలు నిలువుగీత వెంబడే పనిచేస్తాయి. అప్పుడు వెనక కూర్చున్నవానికి పక్కకు ఒరిగినట్టు అనిపించదు. తన బరువు నూటికి ఎనిమిది పాళ్లు పెరిగినట్టు మాత్రమే తోస్తుంది. ఒరుగుడు మొదలయ్యే క్షణంలో చెవిలోని అర్ధవృత్తాకార నాళాలు కొంత సూచన ఇస్తాయి. కాని ఆ సూచన వచ్చేసరికి మలుపు మొదలైపోయి ఉంటుంది.

ఆ క్షణంలో స్టోకర్ బెదిరి ఎదురువైపు ఒరిగితే సైకిలు పైలట్ కోరిన దారిలో పోదు. కాబట్టి స్టోకర్ నేర్చుకొనవలసిన మొదటి పాఠం: నడుమును సైకిలుతో పాటు ఉంచడం, ఎదిరించకపోవడం. పైలట్ నేర్చుకొనవలసిన మొదటి పాఠం: మలుపుకు ముందే చెప్పడం.

మాటకు పట్టే కాలం

గంటకు 54 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 15 మీటర్లు. “ముందర రోడ్డు మధ్యలో ఒక గుంత ఉంది, జాగ్రత్తగా ఉండు” అని చెప్పడానికి రెండు సెకన్లు పడితే సైకిలు 30 మీటర్లు పోతుంది. చెప్పడం ముగిసేలోపల గుంత వెనకపడుతుంది, లేదా ఇద్దరూ కింద పడతారు. అందుచేత జంటలు తమకంటూ ఒంటిమాటల భాషను తయారు చేసుకొంటాయి: “గుంత”, “ఎడమ”, “కుడి”, “గేరు”, “ఆపు”, “లేస్తున్నా”. ఈ చివరి మాట మరీ ముఖ్యం. పైలట్ చెప్పకుండా సీటు మీది నుంచి లేచి తొక్కడం మొదలుపెడితే బండి పక్కలకు ఊగుతుంది. వెనకవాని లయ చెదురుతుంది.

వినిపించిన మాటకు శరీరం స్పందించడానికి సెకనులో అయిదవ వంతు అయినా పడుతుంది. ఆ వేగంలో అది మూడు మీటర్లు. గాలి హోరులో మాట వినిపించకపోవచ్చు కూడా. అందుకే బాగా అలవాటుపడిన జంట మాటలమీదనే ఆధారపడదు. పెడలు కొద్దిగా తేలికైతే గేరు మారబోతున్నదనీ, ముందున్న వెన్ను కొద్దిగా వంగితే వేగం పెంచబోతున్నాడనీ వెనకవాడు చైను ద్వారా, ఫ్రేము ద్వారా గ్రహిస్తాడు. చైను ఇక్కడ శక్తిని మోయడమే కాక సమాచారాన్ని కూడా మోస్తుంది.

పోటీలూ నియమాలూ

పారాలింపిక్స్‌లో సైకిలు పోటీలు 1984లో ప్రవేశించాయి. 1996లో అట్లాంటాలో ట్రాక్ పోటీలు చేరాయి. 2007 నుంచి ఈ క్రీడ నిర్వహణ అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య చేతికి వచ్చింది. చూపులేనివారి తరగతికి ‘బి’ అని పేరు. వెలుతురు కూడా తెలియనివారు మొదలుకొని, ఎంతో కొంత చూపు మిగిలినవారి వరకు అందరూ ఈ ఒక్క తరగతిలోనే పోటీ చేస్తారు. కంటి వైద్యులు పరీక్షించి అర్హత నిర్ణయిస్తారు. మంచి కన్ను 60 మీటర్ల దూరం నుంచి చదవగల అక్షరాన్ని ఆరు మీటర్ల దగ్గరకు వస్తే తప్ప చదవలేకపోవడం, లేదా చూపు పరిధి బాగా కుంచించుకుపోవడం వంటివి అర్హతకు కొలతలు.

చూపు పరిధి కుంచించుకుపోయే వ్యాధులలో ‘రెటినైటిస్ పిగ్మెంటోసా’ ఒకటి. ఇది ముందు రేచీకటిగా మొదలవుతుంది. తరువాత పక్కచూపు పోయి, గొట్టంలో నుంచి చూచినట్టు నడుమ కొంచెం మాత్రం మిగులుతుంది. ఇది వంశపారంపర్యంగా వస్తుంది. ఇందులో కొన్ని రకాలు మేనరికపు పెండ్లిండ్లవల్ల బయటపడే అవకాశం పెరుగుతుంది. మేనరికాలు వాడుకగా ఉన్న మన ప్రాంతాలలో ఉపాధ్యాయులు దీనిని గుర్తుంచుకొనడం మంచిది. చీకటిపడితే తడుముకొనే పిల్లవానిని అశ్రద్ధ అని మందలించకుండా కంటి వైద్యుని దగ్గరకు పంపాలి.

బ్రిటన్‌కు చెందిన నీల్ ఫేకీకి ఉన్నది ఈ వ్యాధే. అతడు 2008లో బీజింగ్ పారాలింపిక్స్‌లో పరుగుపందెంలో పాల్గొన్నాడు. తరువాత జంట సైకిలుకు మారాడు. 2012లో లండన్‌లో పైలట్ బార్నీ స్టోరీతో కలిసి 1000 మీటర్ల పోటీలో స్వర్ణం గెలిచాడు. 2021లో జరిగిన టోక్యో పోటీలలో మాట్ రాథరం పైలట్‌గా అదే పోటీని 58 సెకన్లకు కొంచెం పైన ముగించి మళ్లీ స్వర్ణం గెలిచాడు. నిలబడిన చోటునుంచి బయలుదేరి, సగటున గంటకు 62 కిలోమీటర్లు! ట్రాక్ సైకిలుకు బ్రేకులుండవు. ఫ్రీవీలు కూడా ఉండదు. చక్రం తిరిగినంతసేపు నాలుగు కాళ్లూ తిరగవలసిందే.

ఐర్లండుకు చెందిన కేటీ జార్జ్ డన్లీవీ కథ మరొక విషయం నేర్పుతుంది. 2016లో రియోలోనూ, 2021లో టోక్యోలోనూ ఆమె స్వర్ణాలు గెలిచినప్పుడు పైలట్ ఈవ్ మెక్రిస్టల్. 2024లో పారిస్‌లో కాలపరీక్ష పోటీలో మళ్లీ స్వర్ణం గెలిచినప్పుడు పైలట్ లిండా కెల్లీ. స్టోకర్ ఒకరే, పైలట్ మారారు. కొత్త పైలట్‌తో లయను, మాటలను, నమ్మకాన్ని మొదటినుంచీ కూర్చుకొనవలసి వచ్చింది.

పతకం ఇద్దరికీ ఇస్తారు. నియమాలు కూడా ఇద్దరికీ వర్తిస్తాయి. నిషిద్ధ మందుల పరీక్షకు పైలట్ కూడా లోబడాలి. వృత్తిపరమైన పెద్ద జట్లలో ఉన్న సైకిలు వీరుడిని వెంటనే పైలట్‌గా కూర్చోబెట్టడానికి వీలులేదు, కొంత వ్యవధి గడవాలని నియమం. ముందు సీటు బలంతోనే పందెం గెలవకూడదన్నది దీని ఉద్దేశం.

సముద్రాలు దాటేటప్పుడు

విదేశానికి పోయే జంటకు పోటీ విమానంలోనే మొదలవుతుంది. రెండున్నర మీటర్ల దాకా పొడుగుండే బండిని విడదీసి పెట్టెలో పెట్టాలి. కొన్ని జంట సైకిళ్ల ఫ్రేములు మధ్యలో మరచుట్లతో ఊడివచ్చేటట్లు తయారవుతాయి. దిగిన తరువాత ప్రతి మరనూ తిరిగి బిగించడం, చైను బిగువు చూడడం పైలట్ బాధ్యతే. బండి ఎక్కడ వదులుగా ఉన్నదో కాళ్లతో పట్టేది మాత్రం తరచు స్టోకరే. 2012లో లండన్‌లో ఆంథొనీ కాపెస్, క్రెయిగ్ మక్లీన్ జంట యంత్రదోషం వల్ల 1000 మీటర్ల పోటీలో రెండుసార్లు సరిగా బయలుదేరలేక అవకాశం పోగొట్టుకొన్నది. ఆ జంటే తరువాత స్ప్రింట్‌లో స్వర్ణం గెలిచింది.

విమానం లోపలి గాలి పీడనం సుమారు 1800 నుంచి 2400 మీటర్ల ఎత్తైన కొండ మీద ఉన్నంతే ఉంటుంది. గాలిలో తేమ చాలా తక్కువ. కనుక నీళ్లు తాగుతూ ఉండాలి. ఇక శరీరంలోని గడియారం సంగతి. అనంతపురంలో తెల్లవారుజాము 5 గంటల 30 నిమిషాలైనప్పుడు టోక్యోలో ఉదయం 9 గంటలు. మన గడియారాన్ని కొత్త వేళకు దిద్దేది ముఖ్యంగా కంటిలో పడే వెలుతురు. పైలట్ ఉదయపు ఎండలో తిరిగితే కొన్ని రోజులలో సర్దుకొంటాడు. వెలుతురు బొత్తిగా తెలియనివారిలో చాలామందికి ఈ దిద్దుబాటు జరగదు. వారి గడియారం 24 గంటలకంటే కొంచెం నిదానంగా నడిచి, రోజురోజుకూ వెనకబడుతుంది. అటువంటివారికి భోజనం, సాధన, నిద్ర కచ్చితమైన వేళలలో జరగాలి. ఒకే బండి మీది ఇద్దరికి రెండు గడియారాలుంటే లయ ఎట్లా కలుస్తుంది?

వేడి కూడా ఆలోచించదగినదే. తొక్కేవాని శరీరం ఖర్చుచేసే శక్తిలో సుమారు అయిదవ వంతు మాత్రమే పెడలుకు చేరుతుంది, తక్కినది వేడి. 226 వాట్లతో గంటసేపు తొక్కితే పుట్టే వేడిని వదిలించుకొనడానికి సుమారు 1.3 లీటర్ల చెమట ఆవిరి కావాలి. అనంతపురం పొడిగాలిలో చెమట త్వరగా ఆరుతుంది. టోక్యో వేసవిలో గాలి తేమతో నిండి ఉంటుంది. చెమట కారిపోతుందే గాని ఆరదు. ఇక్కడ 40 డిగ్రీల ఎండకు అలవాటుపడినవాడు కూడా అక్కడ 32 డిగ్రీలకే అలసిపోవచ్చు. వెనకవానికి మరో చిక్కు ఉన్నది: ముందువాని చాటున ఉన్నందున అతనికి గాలి తక్కువ తగులుతుంది, వేడి ఎక్కువ నిలుస్తుంది.

దారి తెలుసుకొనడం చివరి పాఠం. పైలట్ పోటీ దారిని ముందుగా చూచి, ప్రతి మలుపునూ మిట్టనూ మాటలతో స్టోకర్‌కు అప్పగించాలి. గట్టి అట్ట మీద జిగురుతో దారం అంటించి, మిట్టల దగ్గర ముడులు వేస్తే చేతి వేళ్లతో చదివే పటం తయారవుతుంది. ఇది ఏ పాఠశాలలోనైనా పిల్లలు చేయగల పనే.

మన నేల మీద

తెలుగునాట ఈ క్రీడకు విత్తనం పడింది. హైదరాబాదుకు చెందిన ఆదిత్య మెహతా ప్రమాదంలో ఒక కాలు పోగొట్టుకొని, సైకిలు పట్టి, 2013లో ఆసియా పారా సైక్లింగ్ పోటీలలో రెండు రజత పతకాలు గెలిచాడు. అతని పేరిట ఏర్పడిన సంస్థ హైదరాబాదులో అంగవైకల్యం గలవారికి సైకిలు శిక్షణ ఇస్తున్నది. 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో భారతదేశం తరఫున మొదటిసారిగా ఇద్దరు సైకిలు పోటీలలో పాల్గొన్నారు: ఆంధ్రప్రదేశ్‌కు చెందిన షేక్ అర్షద్, మహారాష్ట్రకు చెందిన జ్యోతి గడేరియా. ఇద్దరూ ఒంటి సైకిలు తొక్కేవారే. 2024 దాకా పారాలింపిక్స్‌లో జంట సైకిలు మీద భారతీయులెవరూ పోటీ చేయలేదు.

చూపులేనివారికి బలం లేక కాదు. పూణేవాసి దివ్యాంశు గణాత్రా చూపు లేకున్నా 2016లో జంట సైకిలు మీద మనాలి నుంచి ఖర్దూంగ్ లా కనుమ దాకా తొక్కాడు. అనంతపురంలో 1969 నుంచి పనిచేస్తున్న గ్రామీణాభివృద్ధి ట్రస్టు చూపులేని పిల్లలకు పాఠశాలలు నడుపుతున్నది. పట్నంలో దాని క్రీడాగ్రామం ఉన్నది. దారులున్నాయి, మిట్టలున్నాయి, ఆషాఢపు గాలి ఉన్నది. పల్లేరుకాయలు గుచ్చుకొని టైరు దిగిపోయినా అతుకు వేసుకొనే నేర్పు ఇక్కడి ప్రతి పిల్లవానికీ ఉన్నది. కొరత జంట సైకిళ్లకు, అంతకంటే ముఖ్యంగా పైలట్లకు.

పైలట్ కావడానికి వేగం ఒక్కటే చాలదు. ఒంటరిగా పోతే తనకు వచ్చే పేరును వదులుకొని, సంవత్సరాల తరబడి ఉదయం వేళను మరొకరితో పంచుకొనే మనిషి కావాలి. తాను చూచినదాన్ని రెండవవానికి చేరవేయగలిగిన మాటనేర్పు కావాలి. పైలట్ ఒకరోజు రాకపోతే తానొక్కడే నష్టపోడు. చూపులేని ఆటగాని సాధన ఆ రోజుకు పూర్తిగా ఆగిపోతుంది. పైలట్ దొరకనివాని బలం ఎంతటిదైనా ఇంట్లోనే మిగిలిపోతుంది.

చైను లెక్క చెప్పేది కూడా ఇదే. రెండు పళ్లచక్రాలు సమానం. ఒకటి తిరగకుండా రెండవది తిరగదు. ముందున్నవాడు దారి చూపే దాత కాడు, వెనకవాడు మోయవలసిన బరువు కాడు. క్యారియరు మీద స్నేహితుణ్ణి ఎక్కించుకొని బడికి వచ్చే విద్యార్థి, ఆ స్నేహితునికి చూపు లేకపోతే, అతనికి ఒక జత పెడళ్లు కూడా ఇవ్వవచ్చునని ఒక్కసారి ఆలోచించాలి.